పెట్ట కింద రెండు జమియా గుడ్లు

నాలుగు రోజుల కిందట పొద్దున ఆమ్లెట్ వేద్దామని ఫ్రిజ్ తెరిస్తే, గుడ్ల అరలో ఒక గుంటలో టేబుల్ టెన్నిస్ బంతి కూర్చుని ఉంది. మిగతా గుడ్లతో పాటు తెల్లగా, బుద్ధిగా, వరసలో. ముందు రోజు సాయంత్రం ఆ గుంటలో ఉన్నది గుడ్డే. చెత్తబుట్టలో చూస్తే తడి కాగితాల ఉండలు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి. పదేళ్ల మా చిన్నది స్కూలు బస్సు కోసం బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. ఎన్నిసార్లు అరిచినా కట్టుకోని పిల్ల, ఆ రోజు ముడి మీద ముడి వేసుకుంటూ తల ఎత్తకుండా కూర్చుంది.

బంతి పక్కనున్న రెండు గుడ్లు తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఆ వయసులో నేను చేసిన పని ముందు ఈ బంతి ఏ మూలకీ రాదు.

అప్పట్లో మేం ఈ గల్ఫ్ ఊళ్లోనే, ఇలా రిగ్గై పేటలో కాదు, సముద్రం దగ్గర బ్నీద్ అల్ గార్‌లో ఉండేవాళ్లం. పాత మూడంతస్తుల ఇల్లు. మెట్ల మీద ఒక్కో అంతస్తుకీ ఒక్కో వాసన. కింద మలయాళీ వాళ్ల కొబ్బరినూనె, మధ్యలో పాకిస్తానీ వాళ్ల ఏలకుల టీ, మా గుమ్మం దగ్గర ఇంగువ. పైన డాబా మీద నీళ్ల ట్యాంకులు, బట్టల తాళ్లు, డిష్ యాంటెన్నాలు. అక్కణ్ణించి చూస్తే రెండు వీధుల అవతల సముద్రం కనిపించేది. నాన్న ఒక కంపెనీలో ప్లాన్లు గీసేవాడు. అమ్మ ఒక క్లినిక్ ల్యాబ్‌లో పని చేసేది. ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రానికే రావడం.

ఆ ఏడాది చలి తగ్గుతుండగా కోనసీమ నుంచి నాయనమ్మ వచ్చింది. విజిట్ వీసా మీద, మూడు నెలలకి. ఒక పెట్టె నిండా పూతరేకులు, సున్నుండలు, ఎండు మిరపకాయలు, గుమ్మడి వడియాలు తెచ్చింది. మొదటి వారం అంతా అందరం తిన్నాం. రెండో వారం నుంచి నాయనమ్మ తిండి మానేసింది. మానేసింది అంటే పూర్తిగా కాదు, నాలుగు మెతుకులు తిని చెయ్యి కడిగేసుకునేది. పొద్దున్నుంచీ నేను స్కూలు నుంచి వచ్చేదాకా ఆ ఫ్లాట్‌లో ఒక్కతే. కిటికీ తెరిస్తే దుమ్ము, తలుపు తెరిస్తే మెట్లు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ టికెట్టు కాస్త ముందుకి జరపడం కుదురుద్దేంట్రా?" అని నాన్నని రోజూ అడిగేది.

"ఇప్పుడే కదమ్మా వచ్చావు. ఉండు," అనేవాడు నాన్న.

"ఉన్నాను కదరా. ఇంతకంటే ఉండడం ఎలాగో నాకు తెల్దు."

ఒక రోజు అమ్మ పోరు పడలేక నాయనమ్మ మినప్పప్పు నానబోసి వడియాలు పెట్టడానికి ఒప్పుకుంది. అలా నాయనమ్మ డాబా ఎక్కింది. పాత చీర పరిచి, వడియాలు పెట్టి, కాకులు రాకుండా పక్కన కూర్చుందామని నీడ కోసం ట్యాంకు వెనక్కి వెళ్లింది. అక్కడ ఖర్జూరాలు వచ్చే ఈతాకు గంపలో ఒక నల్ల కోడిపెట్ట కూర్చుని ఉంది. కింద ఒక్క గుడ్డూ లేదు. ఉత్తి గంపనే పొదుగుతోంది. నేను దగ్గరికి వెళ్తే ఈకలన్నీ విప్పి గొంతులో గరగరమంది.

"పొదుగుకొచ్చిందే ఇది," అంది నాయనమ్మ. వచ్చిన రెండు నెలల్లో అంత హుషారైన గొంతు నేను వినడం అదే మొదటిసారి.

ఆ కోళ్లు హారిస్‌వి. హారిస్ అంటే ఇక్కడ బిల్డింగు కాపలా మనిషి. మా హారిస్ మిస్రీ వాడు, అంటే ఈజిప్టు మనిషి. లావుగా, పొడుగు జుబ్బాలో, అడుగుల చప్పుడు ముందు వచ్చి తర్వాత మనిషి వచ్చేవాడు. డాబా మీద నాలుగు పెట్టల్నీ ఒక పుంజునీ పెంచుకునేవాడు. మేం పెట్ట దగ్గర ఉండగానే పైకొచ్చాడు. వచ్చీరాని హిందీ అరబ్బీ కలిపి, "అండా మాఫీ. ఖలాస్," అన్నాడు. గుడ్లు పెట్టడం మానేసిందట. చేత్తో మెడ మీద అడ్డంగా ఒక గీత గీసి చూపించాడు.

నాయనమ్మకి భాష రాకపోయినా గీత అర్థమైంది.

"అమ్మడూ, ఈడికి చెప్పవే. పొదుగుకొచ్చిన పెట్టని కోత్తే ఆ ఉసురు ఊరికే పోదని. ఏడు తరాలు ఏడుత్తారని. మా ఊళ్లో ముక్కులో ఈక గుచ్చి పొదుగు ఇరిసేవోళ్ల ఇళ్లల్లో నేను మంచినీళ్లు కూడా తాగలేదని చెప్పు."

నాకు దుకాణాల్లో, వీధిలో పట్టుబడిన అరబ్బీ కాస్త ఉంది. ఏడు తరాలకి మాట తెలియక, "హరామ్ అంటోంది," అని పాపానికి వాళ్ల మాటతో సరిపెట్టాను.

అదే పనిచేసింది. హారిస్ ఒక్క క్షణం తలగోక్కున్నాడు. ఇంకా మూడు వారాలకి, శుక్రవారం, వాళ్ల తమ్ముడు మిస్ర్ నుంచి మొదటిసారి వస్తున్నాడట. అతని కోసం ఎలాగూ ఒక కోడి కోయాలి. అప్పటిదాకా దీన్ని ఉంచుతాడట. పిల్లలు లేస్తే సరే, లేవకపోతే ఇదే కుండలోకి.

"లేవకపోతే నేనే వండిపెడతానని చెప్పు," అంది నాయనమ్మ.

నేను చెప్పకుండా ఆమె వంక చూశాను. తాతయ్య పోయినప్పటి నుంచి నాయనమ్మ నీచు ముట్టదు. ఆ గిన్నెలు కూడా కడగదు.

"చెప్పవే. మాట ఇత్తున్నాను."

చెప్పాను. హారిస్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మాషీ, యా హాగ్గా," అన్నాడు. సరే పెద్దమ్మా అని. ఆ రోజు నుంచి ఆమెని ఆ బిల్డింగులో అందరూ హాగ్గా అనే పిలిచారు.

గురువారం సాయంత్రం, వర్జ్యం పోయాక, నాయనమ్మ పెట్ట కింద గుడ్లు సర్దింది. ముందు పుంజు ఉందో లేదో చూసి, హారిస్ దాచిన గుడ్లలో పదకొండు ఏరింది. బేసి సంఖ్యే ఉండాలట. గంపలో అడుగున ఇసుక పోసింది, దాని మీద గడ్డి. గుడ్ల పక్కన పెట్టడానికి మూడు వస్తువులు కావాలంది. ఉరుము ఉరిమితే గుడ్లలో పిల్లలు అదిరిపోతాయట, అందుకని ఒక ఇనప ముక్క, ఒక బొగ్గు, రెండు ఎండు మిరపకాయలు. ఇనుముకి నాన్న పెట్టెలోంచి స్పానర్ తెచ్చాను. మిరపకాయలు నాయనమ్మవే. బొగ్గు హారిస్ తను తాగే షీషా హుక్కాలోంచి ఇచ్చాడు. ఇదంతా చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు గానీ అడిగినవన్నీ ఇచ్చాడు. మర్నాడు ఆ బొగ్గుతోనే నాయనమ్మ ట్యాంకు గోడ మీద మొదటి గీత గీసింది. ఇరవై ఒక్క గీతలు కావాలి. అవి నిండాక వచ్చే ఆదివారమే ఆమె విమానం. మధ్యలో రెండు రోజులే వెసులుబాటు.

ఆ తర్వాత నాయనమ్మ టికెట్టు మాట ఎత్తలేదు. అన్నం తిన్నది. సాయంత్రం నేను రాగానే ఇద్దరం పైకి. రోజుకి ఒక్కసారే పెట్ట గంప దిగేది. నూకలు తిని, నీళ్లు తాగి, ఇసుకలో దొర్లి, పది నిమిషాల్లో మళ్లీ ఎక్కేది. ఆ పది నిమిషాలూ నాయనమ్మ గంప మీదకి వంగి ముక్కు పెట్టి వాసన చూసేది. ముసలాళ్లకి అదో అలవాటు కాబోలు అనుకునేదాన్ని. తర్వాత సముద్రం వైపు తిరిగి నిలబడేది. "ఉప్పు వాసన ఒకటేనే అమ్మడూ," అనేది. హారిస్ షీషా తాగుతూ తన ఊరి కోళ్ల గురించి చెప్పేవాడు, ఆమె తన ఊరి కోళ్ల గురించి చెప్పేది. సగం నేను అటూ ఇటూ చేరవేసేదాన్ని. మిగతా సగం వాళ్లకి వాళ్లే అర్థం చేసుకునేవాళ్లు.

ఆరో గీత రోజు నేను ఆ పని చేశాను.

నాయనమ్మ దీపం పెడుతోంది, నువ్వు పద నేనొస్తా అంది. నేను వెళ్లేసరికి పెట్ట గంప దిగి అవతల నూకలు ఏరుకుంటోంది. గుడ్డులో పిల్ల మాట్లాడుతుందని స్కూల్లో ఎవరో చెప్పారు. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. రెండో చెవికి ఇంకోటి పెట్టుకున్నాను. అలా రెండు చేతులా రెండు గుడ్లు పెట్టుకుని కళ్లు మూసుకుని నిలబడి ఉండగా, పెట్ట వెనకనుంచి వచ్చి నా పిక్క మీద పొడిచింది. రెండూ కింద పడ్డాయి.

ఏడుపు రాలేదు. అంత తీరిక కూడా లేదు. పెట్ట ఒక్క పరుగున వచ్చి, పగిలిన వాటిని పెంకులతో సహా తినేసింది. ఆ దృశ్యం ఇప్పటికీ తలుచుకోవడం ఇష్టం ఉండదు. నేను మెట్లు దిగి వంటింట్లోకి వెళ్లాను. ఫ్రిజ్‌లో జమియా గుడ్లున్నాయి. ఇక్కడ ప్రతి పేటలోనూ ఉండే సహకార దుకాణాన్ని జమియా అంటాం. ఆ గుడ్ల మీద ఎర్ర సిరాతో ముద్ర ఉంటుంది. చిన్నవి రెండు ఏరి, అమ్మ గోళ్లరంగు తుడిచే మందుతో రుద్దాను. ముద్ర పోయి లేత గులాబీ మచ్చ మిగిలింది. వాటిని లంగాలో పెట్టుకుని, నాయనమ్మ గంట మోగిస్తుండగానే పైకి పరిగెత్తి పెట్ట కింద తోసేశాను. అప్పటికే అది గంప ఎక్కేసింది. చల్లగా తగిలినందుకు కాస్త గొణిగి సర్దుకుంది. నాయనమ్మ వచ్చి వంగి చూసింది. గోడ మీద ఆరో గీత గీసింది.

నేను గెలిచాననే అనుకున్నాను. ఆ సంబరం రెండు రోజులుంది. మూడో రోజు అన్నాలప్పుడు నాన్న వేళాకోళానికి, "అమ్మా, మన ఫ్రిజ్‌లోవి కూడా నాలుగు పెట్టేస్తే పోలా?" అన్నాడు.

"పుంజు మొహం చూడని పెట్టల గుడ్లురా అయ్యి. ఏడాది కూకున్నా పిల్ల లేవదు. మురిగి పగిలితే పక్కనున్నయ్యి కూడా పోతాయి," అంది నాయనమ్మ.

కంచం పక్కకి నెట్టేశాను. ఆ రాత్రి నుంచి నాకు లెక్క ఒకటే. నా రెండు గుడ్లూ మురిగి పగులుతాయి. మిగిలిన తొమ్మిదీ పోతాయి. శుక్రవారం హారిస్ పెట్టని కోస్తాడు. నాయనమ్మ మాట ఇచ్చింది కాబట్టి ముక్కుకి కొంగు కట్టుకుని వండుతుంది. ఆదివారం విమానం ఎక్కి ఇంక ఎప్పుడూ మా ఇంటికి రాదు. చెప్పేద్దామని రోజూ మెట్లెక్కేదాన్ని, చెప్పకుండా దిగేదాన్ని.

పదిహేనో గీత రోజు మధ్యాహ్నం ఆకాశం నారింజ రంగుకి తిరిగింది. ముందు దుమ్ము, వెనకే వాన, ఆ పైన ఉరుములు. నాయనమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి మెట్లెక్కింది, నేను వెనక. పైకెళ్లి చూస్తే హారిస్ అప్పటికే అక్కడున్నాడు. తడిసిన జుబ్బా ఒంటికి అంటుకుపోయి, ట్యాంకుకీ గోడకీ మధ్య ప్లాస్టిక్ పట్టా తాడుతో కడుతున్నాడు. కోసి కుండలో వేస్తానన్న మనిషే. మమ్మల్ని చూసి స్పానర్ గంపలోనే ఉందని వేలితో చూపించాడు. పెట్ట ఆ గాలిలో కళ్లు మూసుకుని, రెక్కలు పరిచి, కదలకుండా కూర్చుంది. ప్రతి ఉరుముకీ ఉలిక్కిపడింది నేనొక్కదాన్నే.

పద్దెనిమిదో రోజు నీళ్ల పరీక్ష. బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి గుడ్లు ఒక్కొక్కటే వదులుతారు. లోపల పిల్ల ఉంటే గుడ్డు నీళ్లలో దానంతటదే చిన్నగా కదులుతుంది. మొదటి గుడ్డు కదిలింది. హారిస్ మోకాళ్ల మీద కూర్చుని సుభానల్లా అన్నాడు. ఏడు కదిలాయి. రెండు కదిలీ కదలనట్టున్నాయి. ఆఖరున మిగిలినవి నావి. గులాబీ మచ్చ నాకు అంత దూరం నుంచి కూడా కనిపిస్తోంది. నీళ్లలో రెండూ చలనం లేకుండా తేలాయి. నాయనమ్మ వాటిని తీసి కొంగుతో తుడిచి, నా వంక చూడకుండా మళ్లీ పెట్ట కింద పెట్టింది.

"లెక్క తప్పకూడదు. పదకొండూ ఉండాలి," అంది.

ఇరవై ఒకటో గీత గీశాక చీకటి పడేదాకా కూర్చున్నాం. ఏమీ కాలేదు. అమ్మ పైకొచ్చి, "పిల్లలు లేస్తే బల్బు పెట్టిన అట్టపెట్టెలో ఉంచుదామండి అత్తయ్యగారూ, ఇంక పెట్టతో పని లేదు కదా, హారిస్‌కి ఇచ్చేయొచ్చు," అంది. మంచి మనసుతోనే అంది.

"తల్లి ఉండగా బల్బెందుకమ్మాయ్? లేపిందే పెంచుకుంటది. మనం నీళ్లు పెట్టి పక్కకి తప్పుకోవడమే," అంది నాయనమ్మ. గొంతులో మాత్రం బలం లేదు.

శుక్రవారం పొద్దున్నే లేచేసరికి నాయనమ్మ మంచం ఖాళీగా ఉంది. వంటింట్లో పెద్ద గిన్నె కడిగి బోర్లించి ఉంది. పక్కన మసాలా దినుసులు. డాబా మీదకి వెళితే హారిస్ గంప ముందు నిలబడి ఉన్నాడు, కత్తి నడుముకి ఉంది. నాయనమ్మ గోడకి ఆనుకుని, సముద్రం వైపు తిరిగి ఉంది. మాట ఇచ్చిన మనిషి, ఆపమని అనలేదు.

హారిస్ బిస్మిల్లా అని వంగి పెట్ట కిందకి చెయ్యి పోనిచ్చాడు. అది పొడిచింది. అతను చెయ్యి తీసుకోలేదు. అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత తల కూడా వంచి గంప అంచుకి చెవి ఆనించాడు. అంత లావు మనిషి అలా గంపకి చెవి ఆనించి నేల మీద వాలిపోవడం చూసి నాకేమీ అర్థం కాలేదు.

"యా హాగ్గా," అన్నాడు, గుసగుసగా. "తాలీ. తాలీ." రమ్మని.

నాయనమ్మ వెళ్లింది. నేనూ వెళ్లాను. పెట్ట రెక్క కింద నుంచి తడి ఈకల తల ఒకటి బయటికొచ్చి, మా ముగ్గురినీ చూసి, చిన్నగా కియ్ మని మళ్లీ లోపలికి పోయింది.

హారిస్ కత్తి తీసి ట్యాంకు మీద పెట్టాడు. నాయనమ్మ కింద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. సాయంత్రానికి ఏడు పిల్లలు లేచాయి. హారిస్ తమ్ముడు వచ్చేసరికి అమ్మ ఆ పెద్ద గిన్నెలో చేపల పులుసు పెట్టి పంపింది. పాపం అతనికి ఆ కారానికి కళ్లల్లో నీళ్లొచ్చాయి గానీ గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

మర్నాడు గంప శుభ్రం చేస్తూ, నాయనమ్మ లేవని గుడ్లు నాలుగు తీసింది. రెండు పక్కన పెట్టింది. గులాబీ మచ్చవి రెండూ నా చేతుల్లో పెట్టి, "ఇయ్యి నువ్వే పారెయ్యాలి," అంది.

అప్పుడు ఏడ్చాను. పదిహేడు రోజుల ఏడుపు ఒక్కసారే వచ్చింది. చెవుల సంగతి, ఫ్రిజ్ సంగతి, గోళ్లరంగు మందు సంగతి అన్నీ చెప్పేశాను.

"ఆ రోజే తెలుసే. పెట్ట ముక్కంతా పచ్చసొన. నీ ఒంటి నిండా ఆ మందు వాసన."

"మరి తీసెయ్యలేదేం? మురిగితే?"

"ఫ్రిజ్‌లోంచి తెచ్చిన గుడ్డు అంత తొందరగా మురగదు, లోన పిల్ల లేదుగా. రోజూ వాసన చూసుకుంటానే ఉన్నాగా." కొంగుతో నా మొహం తుడిచింది. "తీసేత్తే నాకు తెలిసిపోయిందని నువ్వు పైకి రావడం మానేత్తావు. నువ్వు రాకపోతే ఆ హారిస్‌తో అరబ్బీ ఎవరు మాట్లాడతారు?"

నాకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. రెండు గుడ్లూ పట్టుకెళ్లి కింద చెత్తడబ్బాలో వేసి, తిరిగి మూడంతస్తులూ ఒక్క పరుగులో ఎక్కేశాను.

ఆదివారం నాయనమ్మ వెళ్లిపోయింది. విమానాశ్రయంలో నాన్నకి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ వదిలేసి, డాబా మీదకొచ్చే పిల్లులు కోడిపిల్లల్ని పట్టకుండా చూసుకోమని నాకు చెప్పింది. చూసుకోవాల్సింది నేను కాదని త్వరలోనే తెలిసింది. ట్యాంకు మీదకి ఎక్కిన తెల్లపిల్లిని ఆ నల్లపెట్ట రెండు డాబాల అవతలిదాకా తరిమింది. పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతూ ఇసుక గీకి చూపించేది, నూక దొరికితే తను తినకుండా పిలిచేది, ఎండెక్కితే అన్నింటినీ రెక్కల కింద దాచేది. నేను నీళ్లు పెట్టి పక్కకి తప్పుకునేదాన్ని. నాయనమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ముందు పెట్ట ఎలా ఉందని అడిగేది, తర్వాత కొడుకు. నాన్న ఉడుక్కునేవాడు. మరుసటి ఏడాది మళ్లీ వచ్చింది, టికెట్టు ముందుకి కాదు, వెనక్కి జరపమంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట అద్దాల టవరు లేచింది. హారిస్ తన ఊరు వెళ్లిపోయాడు. నాయనమ్మ పోయి చాలా ఏళ్లైంది. ఆ వైపు కారులో వెళ్తే నేను పైకి చూస్తాను. అంత ఎత్తున కోళ్లు ఎవరు పెంచుతారు అని మా ఆయన వెక్కిరిస్తాడు.

మా ఫ్రిజ్‌లో బంతిని తీయలేదు. నాలుగు రోజులుగా గుడ్లు వాడుతూ దాన్ని మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తున్నాను. చిన్నది రోజుకి పదిసార్లు ఏదో వంకతో ఫ్రిజ్ తెరిచి, అది ఉందో లేదో చూసుకుని పోతోంది. ఈ పొద్దున గుడ్లన్నీ అయిపోయాయి, బంతి ఒక్కటే మిగిలింది. నేను పోపు వేస్తున్నాను. ఫ్రిజ్ తలుపు తెరుచుకున్న చప్పుడైంది, మూసుకున్న చప్పుడు కాలేదు.

"అమ్మా, నీకొకటి చెప్పాలి," అంది వెనకనుంచి.

పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుని, దానివైపు తిరిగాను.